పోర్టు దొరకని పాపం ఎవరిది?

సావనీరు అనగానే కవితలూ, హాస్టలు కబుర్లూ వస్తాయి. నేను మాత్రం ఒక కేబులు ముక్క గురించి రాస్తున్నాను. మిత్రులు మన్నించాలి.

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టు రోజుల మాట. సాలూరు వైపు నుంచి వచ్చిన మిత్రుడొకడు, ఇంటర్ దాకా తెలుగు మీడియమే, మట్టి తడి చూసి పొలం మోటారు ఆపే పరికరం చేద్దామని నోడ్ ఎంసీయూ బోర్డు కొన్నాడు. ప్రోగ్రాం తనే రాశాడు. తీరా 'అప్‌లోడ్' నొక్కితే తెర అడుగున ఎర్రటి అక్షరాలు! పోర్టు మెనూలో కామ్ 3, కామ్ 4 కనిపిస్తున్నాయి. ఏది ఎంచుకున్నా అదే తంతు. మూడు రోజులు ప్రోగ్రాంనే తిరగరాశాడు. "నాకు రాదురా బాబూ, వొదిలేయ్" అన్నాడు నాలుగో రోజు. చివరికి డబ్బులిచ్చి తయారు ప్రాజెక్టు తెచ్చి పెట్టాడు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి.

సెలవుల్లో ఆ బోర్డు నా చేతికొచ్చింది. ప్రోగ్రాంలో తప్పు లేదు. తప్పంతా కేబులుది. చార్జింగుకి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్లో కరెంటు తీగలు రెండే ఉంటాయి, సమాచారం మోసే రెండూ ఉండవు. సెన్సారు మీద దీపం వెలుగుతుంది గనక మనకి అనుమానం రాదు. ఇక ఆ కామ్ 3, కామ్ 4 బోర్డువి కానే కావు, ల్యాప్‌టాప్ బ్లూటూత్ కోసం విండోస్ పెట్టుకున్నవి!

పాలకొండ వెళ్లాల్సినవాడు కాంప్లెక్స్‌లో బోర్డు చూడకుండా కనబడ్డ బస్సెక్కితే ఏమవుతుంది? ఇక్కడా అంతే. మెనూ చూసుకోండి, కేబులు పీకండి, మళ్లీ చూడండి. ఏ పేరు మాయమైందో అదే మీ బోర్డు. ఏదీ మాయం కాలేదా, ముందు కేబులు మార్చండి. అప్పటికీ రాకపోతే సీహెచ్340 లాంటి చిప్పుకి డ్రైవరు వేశారో లేదో చూడండి. ఆ చిప్పుకి సొంత సీరియల్ నంబరు ఉండదు కాబట్టి యూఎస్‌బీ సాకెట్టు మారిస్తే కామ్ నంబరూ మారిపోవచ్చు. నిన్న 5 ఉన్నది ఇవాళ 7 అయిందని కంగారు పడక్కర్లేదు. లినక్స్‌లోనైతే పోర్టు కనబడుతూనే అనుమతి లేదంటుంది, మన పేరు 'డయలవుట్' గ్రూపులో చేర్చాలి.

ఒక్కోసారి పోర్టు సరైనదే అయినా నింద దానిమీదే పడుతుంది. సీరియల్ మానిటర్ వేరే కిటికీలో తెరిచి ఉంటే పోర్టు దాని చేతిలోనే ఉండిపోతుంది. ఆర్డునో ఊనోలో 0, 1 పిన్నులకి బ్లూటూత్ మాడ్యూలు తగిలించి అప్‌లోడ్ చేయబోయినా చిక్కే. నానో బోర్డులకి 2018లో బూట్‌లోడరు మారింది. పాత రకానికి మెనూలో 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకోకపోతే సమాధానమే రాదు.

ఇందులో ఏ ఒక్కటీ మన రికార్డు పుస్తకంలో లేదు. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితం, అక్కడితో సరి. ఏం చెడింది, ఎలా కనుక్కున్నాం అన్న శీర్షిక ఎక్కడ? వైవాలో ఆర్‌ఎస్-232 ఓల్టేజీలు గడగడా అప్పజెప్పేవాడు, పోర్టు దొరక్కపోతే ల్యాబ్ అసిస్టెంటు కోసం వరండాలోకి పరిగెడతాడు. నేనూ పరిగెత్తినవాడినే. ఆర్డునో 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో పుట్టింది, ఎలక్ట్రానిక్స్ తెలియని డిజైను విద్యార్థుల కోసం. వాళ్లకోసం చేసిన వస్తువు దగ్గర ఇంజనీరింగు కుర్రాడు తనకి తెలివి లేదనుకుని వెనక్కి తిరగడం నాకు మింగుడు పడటం లేదు.

సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలయ్యా అని లెక్చరర్లు అడుగుతారు. న్యాయమే. అడిగేది ఒక్క ల్యాబ్ పూట. మంచి కేబుళ్లలో చెడ్డవి నాలుగు కలిపి ఇవ్వండి, డ్రైవరు తీసేసిన కంప్యూటరు ఒకటి పెట్టండి, కనిపెట్టి రాసినవాడికి అయిదు మార్కులు వేయండి. వచ్చే ఏడాది యూనియన్ మిత్రులు కూడా పరీక్షించిన కేబుళ్లు ఓ పది, పేరు రాసి తీసుకెళ్లేలా ల్యాబ్ గుమ్మం దగ్గర పెట్టెలో ఉంచితే, ఖర్చు మన వార్షికోత్సవం షామియానా అద్దెలో ఓ మూలకి రాదు.