సీటు కోసం ఊదితే సంగీతమవుతుందా?

పిల్లలకి ఏ వాయిద్యం నేర్పించాలి అన్న ప్రశ్నకి అమెరికాలో మనవాళ్ళ దగ్గర కొత్త జవాబొకటి తయారైంది. వయొలిన్ వద్దు, పియానో వద్దు, అవి అందరి పిల్లలూ వాయిస్తున్నారు. ఎవరూ ముట్టనిది పట్టుకోవాలి: బసూన్, ఓబో, వయోలా, హార్ప్. ఎందుకండీ అంటే, పేరున్న కాలేజీల ఆర్కెస్ట్రాలకి ఇవి వాయించేవాళ్ళు దొరకరట. దొరికితే కళ్ళకద్దుకుని సీటిస్తారట.

ఈ 'అట'లని నమ్మి పదేళ్ళ పిల్లల ఊపిరిని తాకట్టు పెట్టకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బసూన్ చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అది మన సన్నాయికి దూరపు చుట్టం. సన్నాయికి లాగే దానికీ రెండు రేకుల పీక ఉంటుంది. ఎనిమిది అడుగుల గొట్టాన్ని మడిచి ఇంచుమించు సగం ఎత్తుకి చేస్తారు. ఎడమ బొటనవేలు ఒక్కదానికే అరడజనుకు పైగా మీటలు. చిన్న చేతులకి అందనే అందవు. కొత్తది కొనాలంటే వేల డాలర్లు. పీకలు కొన్ని వారాలకే పాడైపోతాయి. పై స్థాయికి వెళ్ళాక కత్తి పట్టుకుని పీక తనే చెక్కుకోవాలి. ఇష్టం ఉన్నవాడికి ఇదంతా తపస్సు. ఇష్టం లేనివాడికి శిక్ష.

సరే, ఇష్టం సంగతి పక్కన పెట్టి లెక్కే చూద్దాం. పెద్ద ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ముప్పై దాకా ఉంటే బసూన్లు రెండో మూడో నాలుగో. పోటీ తక్కువన్నది అందుకే. కానీ కావలసినవాళ్ళూ అంతే తక్కువ కదా! ఇద్దరు బసూన్ పిల్లలు కిందటేడే చేరి ఉంటే, నాలుగేళ్ళ దాకా ఆ కుర్చీలు ఖాళీ కావు. మీ అబ్బాయి అప్లికేషన్ పెట్టే ఏడాది ఎక్కడ ఖాళీ వస్తుందో అయిదో క్లాసులో ఎవరు చెప్పగలరు? పైగా ఈ రహస్యం మీ ఒక్కరికే తెలిసిందా? అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరన్నట్టు, అందరూ బసూన్ పట్టుకుంటే అదింక అరుదైనదెలా అవుతుంది?

ఇంకో సంగతి. కామన్ అప్లికేషన్‌లో పది వ్యాపకాలు రాసుకోవచ్చు. అందులో 'బసూన్' అని రాయగానే తలుపులు తెరుచుకోవు. చాలా కాలేజీల్లో రికార్డింగ్ పంపే వీలుంది. దాన్ని అక్కడి సంగీతం ప్రొఫెసర్లు వింటారు. జీవితమంతా అదే పనిగా విన్న చెవులవి. మొక్కుబడిగా ఊదినదేదో, మనసు పెట్టి వాయించినదేదో మొదటి నిమిషంలోనే పట్టేస్తాయి. గొప్పగా వాయించే వయొలిన్ పిల్లని పక్కకి నెట్టి అంతంతమాత్రం బసూన్ పిల్లాణ్ణి పిలుస్తారనుకోవడం నేల విడిచి సాము చెయ్యడమే.

"ముందు సీటు కోసం మొదలుపెట్టినా తర్వాత ఇష్టం పుట్టచ్చు కదా" అంటారు కొందరు. పుట్టచ్చు, కాదనను. కాని ఆ వాయిద్యానికి ఇంట్లో అందరూ ఒక ఆఖరి తేదీ పెట్టేశారు. పన్నెండో క్లాసు జనవరిలో అప్లికేషన్లు వెళ్ళిపోగానే పెట్టె మూసేస్తారు. ఎప్పుడు వదిలేద్దామా అని రోజులు లెక్కపెట్టుకునే దాని మీద ఇష్టం ఎలా పుడుతుంది? ఎమ్సెట్ అయిపోయిన మర్నాడు కెమిస్ట్రీ పుస్తకాలు పాతకాగితాల వాడికి వేసిన తరం మనది. ఆ కోచింగ్ బతుకు వద్దనుకునే ఇంత దూరం వచ్చామని చెప్పుకుంటాం. వచ్చి, సంగీతాన్ని కూడా కోచింగ్ చేసేశాం.

నాకు తెలిసిన ఒకింట్లో పాప అయిదేళ్ళు వీణ నేర్చుకుంది. వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చింది. ఆర్కెస్ట్రాలో వీణకి చోటు లేదని మాన్పించి ఓబో పట్టించారు. తాతగారు బొబ్బిలిలో పనస దుంగతో చెక్కించి పంపిన వీణ ఇప్పుడు బేస్‌మెంట్‌లో సూట్‌కేసుల పక్కన ఉంది. ఈ దేశంలో ఓబో వాయించే పిల్లలెక్కువా, వీణ వాయించే పిల్లలెక్కువా? అరుదైన వాయిద్యం కోసం ఊరంతా వెతికారు గానీ, అది ఇంట్లోనే ఉందని చూసుకోలేదు. అలాగని రేపట్నించి సీటు కోసం వీణ మొదలుపెట్టకండి మహాప్రభో! ఆ పాపకి వీణ ఇష్టం. అడగవలసింది ఆ ఒక్క మాట.

మనం ఇవాళ మన సొంతం అనుకుంటున్న వయొలిన్ కూడా ఒకప్పుడు అరుదైనదే. రెండు వందల ఏళ్ళ కిందట మద్రాసు ప్రాంతంలో బాలుస్వామి దీక్షితుల వంటివారు దొరల వాయిద్యాన్ని చేతిలోకి తీసుకుని మన రాగాలు పలికించారు. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారి దాకా ఎందరో దాన్ని మన ఇంటిపిల్లని చేశారు. వాళ్ళు ఏ సీటు కోసం పట్టుకున్నారు? ఆ నాదం నచ్చి పట్టుకున్నారు.

బసూన్ మీద నాకు కోపం లేదు. దాని గొంతు గంభీరంగా, మధ్యమధ్య కొంటెగా, ఎంతో బాగుంటుంది. మీ పిల్ల బడిలో అది విని "అమ్మా, నాకదే కావాలి" అంటే సంతోషంగా పట్టించండి. కొన్ని బళ్ళలో వాయిద్యం వాళ్ళే ఇస్తారు కూడా. రికార్డింగ్ కాలేజీకి పంపండి, సీటొస్తే నాకూ చెప్పండి, స్వీట్లు తింటాను.

కాని కొనేముందు ఒక్కటి అడగండి, పిల్లని కాదు, మిమ్మల్ని మీరే. ఏ కాలేజీ కూడా దీన్ని లెక్కలోకి తీసుకోదని రేపు తెలిస్తే, ఎల్లుండి పాఠానికి ఫీజు కడతారా? కట్టనంటే, మీరు నేర్పిస్తున్నది సంగీతం కాదు. ఆ సంగతి మీకంటే ముందు మీ పిల్లకి తెలిసిపోతుంది.