గాజు తొట్టిలో చెరువు

"అన్నా, ఫిల్టర్ కడిగినావా?"

సెలవు నుంచి తిరిగొచ్చి, చేతిలో పెట్టె ఇంకా కింద పెట్టకుండానే మా గదిలో తమ్ముడు అడిగిన మొదటి మాట అది. కడిగాను. కుళాయి కింద పెట్టి, మురికి పోయేదాకా పిండి పిండి కడిగాను. తొట్టిలో నీళ్ళన్నీ పారబోసి కొత్తవి పోశాను. గాజు తళతళలాడింది. మూడో రోజుకి ఆరు గప్పీ చేపలూ చచ్చి పైకి తేలాయి.

తమ్ముడిది రాజంపేట దగ్గర. కువైట్‌లో ఒకే గదిలో నలుగురం ఉంటాం. చెల్లెలి పెళ్ళికి నలభై రోజుల సెలవు మీద వెళ్తూ తొట్టి నాకు అప్పగించాడు. కోనసీమలో చెరువు గట్టున పుట్టినవాణ్ణి, చేపల సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. ఆ రాత్రి అతను నన్నొక్క మాట అనలేదు. ఖాళీ తొట్టి ముందు కూర్చుని అన్నం తిన్నాడు. తిట్టినా బాగుండేది.

గదిలో మొక్కల అక్వేరియం పెట్టుకోవాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని ఈమధ్య కొందరు పాఠకులు అడుగుతున్నారు. డ్యూటీ నుంచి వచ్చాక కాసేపు పచ్చదనం చూడాలనిపించడం ఈ ఎడారిలో ఎవరికైనా సహజమే. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ముందే అది చెప్పేశాను.

ఇంతకీ ఆ చేపలు ఎందుకు చచ్చాయి? చేపల మలం నుంచీ, అవి తినకుండా వదిలేసిన మేత నుంచీ నీళ్ళలో అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఫిల్టర్ స్పాంజిలోనూ, గులకరాళ్ళ మీదా కంటికి కనబడని బ్యాక్టీరియా ఉంటుంది. అందులో ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. అది కొంచెం ఉన్నా చేపకు హాని లేదు, మొక్కకు ఎరువు. నేను మురికి అనుకుని కడిగేసింది ఆ బ్యాక్టీరియానే. పైగా కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, దాని పనే క్రిములను చంపడం. మా ఊరి చెరువును ఎవరూ తోమి కడగరన్న ముక్క నాకు అప్పుడు తట్టలేదు.

రెండోసారి ఇద్దరం కలిసి పెట్టాం. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 56 లీటర్లు పడుతుంది, అంటే నీళ్ళ బరువే 56 కిలోలు. ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టకండి. మరీ చిన్న గాజు గిన్నె కొత్తవాళ్ళకి తేలికనుకుంటారు గానీ అది తప్పు. నీళ్ళు తక్కువైతే విషం త్వరగా చిక్కబడుతుంది. కిటికీ ఎండ పడేచోట పెడితే గాజంతా పాచి పడుతుంది. అడుగున రెండంగుళాల గులకరాళ్ళు చాలు, సబ్బు తగలకుండా కడిగి పోయండి.

మొక్కల్లో అనుబియాస్, జావా ఫెర్న్ మొండివి. వాటి లావుపాటి కాండాన్ని రాళ్ళలో పూడ్చకూడదు, కుళ్ళిపోతుంది. దారంతో రాయికి కట్టాలి. క్రిప్టోకొరైన్ నాటిన వారానికే ఆకులన్నీ కరిగిపోయి చచ్చినట్టు కనబడుతుంది. పీకేయకండి, వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. మేం ఒకటి పీకేసి, ఇంకోటి బద్ధకించి వదిలేశాం. వదిలేసిందే ఇప్పుడు గుబురుగా ఉంది. త్వరగా పెరిగే హార్న్‌వర్ట్ నాలుగు కొమ్మలు కూడా వేయండి, అది అమ్మోనియాను నేరుగా పీల్చుకుంటుంది. వీటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు అక్కర్లేదు. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. మా గదిలో ఒకతనిది నైట్ డ్యూటీ, అతను నిద్రపోయే వేళ వెలగకుండా టైమర్ పెట్టాం.

ఇక కష్టమైన పని ఒకటుంది, ఆగడం. మొక్కలు నాటి, ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా ఉంచాలి. ఆ మేత కుళ్ళి పుట్టే అమ్మోనియాతోనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఫ్రైడే మార్కెట్‌కి వెళ్ళినప్పుడల్లా రంగు చేపలు కవర్లలో పిలుస్తుంటాయి, చూసి వచ్చేయండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించి, నైట్రేటు కనబడినప్పుడే చేపలు తెచ్చుకోవాలి. అప్పుడూ ముందు మూడు, రెండు వారాలాగి ఇంకో మూడు. గప్పీలైతే మగవే తీసుకోండి. ఆడవి కలిస్తే దాదాపు నెలకోసారి పిల్లలు పెడతాయి, మనకి బెడ్ స్పేసే కరువు.

వారానికి పావు వంతు నీళ్ళు మారిస్తే చాలు. వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కాగిపోయి ఉంటాయని, గీజర్ ఆపేసి ఆ నీళ్ళతో స్నానం చేసే మనకి తెలియనిది కాదు. కాబట్టి ముందు రోజే బకెట్లో పట్టి ఏసీ గదిలో ఉంచి, క్లోరిన్ తీసే మందు చుక్కలు వేసి పోయండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే నాలుగుసార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి. కుళాయి కిందకి మాత్రం తీసుకెళ్ళొద్దు.

2024 జూన్‌లో కువైట్‌లో కరెంటు కోతలు పెట్టినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఫిల్టర్ ఆగితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోవడం మంచిది.

తమ్ముడు వచ్చే నెల మళ్ళీ ఊరెళ్తున్నాడు, చెల్లెలికి కాన్పు. ఈసారి నలభై రోజులకు ఇరవై పొట్లాలు కట్టాడు, రెండు రోజులకొకటి చొప్పున. పెద్ద చేపలకి అది చాలట, ఎక్కువేస్తేనే ప్రమాదమట. మేత డబ్బా మాత్రం తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. నేనేమీ అనలేదు.