ముంతకు తెలియని లెక్క

పిల్లలకు పొదుపు నేర్పడమంటే మట్టిముంత కొనిచ్చి చిల్లర వేయించడమేనని మన పెద్దల దృఢవిశ్వాసం. శంషాబాదులో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. 2008 మార్చిలో తెరిచిన ఇక్కడి విమానాశ్రయానికి సేకరించిన భూమి సుమారు 5,500 ఎకరాలు. పంట తప్ప ఎరగని ఇళ్ళు ఒక్కసారిగా రొక్కం చూశాయి. వచ్చినది ఎక్కడ దాచాలి, చాలనినాడు ఏ వడ్డీకి తేవాలి? ఈ రెంటికీ ముంత దగ్గర సమాధానం లేదు.

బారువడ్డీ, చక్రవడ్డీ బడిలో చెబుతూనే ఉన్నాం కదా అంటారు. చెబుతున్నాం, ఏడాదికి ఇంత శాతమని! ఊళ్ళో అప్పు పుట్టేది "రెండు రూపాయల వడ్డీ"కి, అంటే నూటికి, నెలకు. అది ఏడాదికి 24 శాతమని, ఏటేటా అసలులో కలిపితే నాలుగేళ్ళు నిండకముందే అప్పు రెట్టింపవుతుందని ఏ పిల్లవాడికి చెప్పాం? బ్యాంకులో 7 శాతానికి వేసిన డిపాజిట్టు రెట్టింపు కావడానికి దాదాపు పదేళ్ళు. ఈ రెండూ నల్లబల్లమీద పక్కపక్కన వ్రాస్తే చాలదా?

తెలుగు పండితుడికి లెక్కలతో పనేమిటంటారు కాబోలు. "వృద్ధి"కి వికృతి "వడ్డి". ఎవరి వృద్ధి అని అడిగే హక్కు మాకూ ఉంది.

ఇంట్లో అప్పు మాటలు సాగుతుంటే పిల్లలను అవతలికి పొమ్మంటారు. ఎందుకు? ఆ ప్రామిసరీ నోటు ఎనిమిదో తరగతి పిల్ల చేతికివ్వండి, వడ్డీ లెక్కగట్టి చెబుతుంది, సంతకానికి ముందే.