హోటల్ కట్టకండి బాబూ!

మోనోపలీ బోర్డు తెరిస్తే చాలు, హాస్టల్లో అందరి కళ్లూ ఎర్ర హోటళ్ల మీదే. నా మాట విని ఇళ్ల దగ్గరే ఆగిపోండి. బ్యాంకులో ఉండేవి మొత్తం 32 ఇళ్లే. లేత నీలం మూడు, నారింజ మూడు స్థలాల్లో నాలుగేసి కట్టేస్తే 24 మీవే. మిగతా అందరికీ కలిపి 8! హోటల్ కట్టారో, నాలుగిళ్లు బ్యాంకుకి తిరిగిచ్చి పక్కవాడికి ఇటుకలు అందించినట్టే. (నారింజ ఎందుకంటే, జైలు నుంచి 6, 8, 9 గళ్ల దూరం. రెండు పాచికలకి తరచూ పడే అంకెలు.)

"ఇది ఛీటింగ్ రా" అంటారు. ఎలా? ఇళ్ల కొరత రూల్ బుక్కులోనే ఉంది. జరిమానాల డబ్బు ఫ్రీ పార్కింగులో ఆగినోడికి ఇవ్వడం మాత్రం అందులో లేదు, అయినా అది మనకి ఛీటింగ్ కాదు మరి! కొనని స్థలాన్ని వేలం వేయాలన్న రూలునీ ఎవడూ పట్టించుకోడు. అందుకే ఆట తెల్లారేదాకా సాగుతుంది, పొద్దున ల్యాబుకి ఒక్కడూ లేవడు.