నీటి నడిమి నిప్పుకొండ



ఔర్వమహర్షి పితృదేవతల మాటమీద తన క్రోధాగ్నిని సముద్రమున విడువగా, నది బడబానలమై నీటిని ద్రావుచున్నదని భారతమందలి యాదిపర్వము చెప్పుచున్నది. నీరును నిప్పును నొక్కచోట నుండుట కవుల కల్పనయని తలంతుము గాని, ఫిలిప్పీను దీవులలో నది కన్నులకు గానవచ్చును. రాజధానియైన మనీలాకు దక్షిణమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున నొక పెద్ద సరస్సు గలదు. పూర్వకాలపు మహోత్పాతములచే నేల క్రుంగి యేర్పడిన సరస్సది. దాని నడుమ నొక దీవి. ఆ దీవియే తాల్ అగ్నిపర్వతము. దాని నెత్తిమీద మరల నొక చిన్న సరస్సు! ఎత్తు 311 మీటర్లే యగుటచే జూపులకు గుట్టవలె దోచును. అయినను ఆ దేశమున నింతకంటె తఱచుగా రేగునది మయోన్ పర్వత మొక్కటియే.

కాగిన నూనెలో నీటిచుక్క పడిన నేమగునో వంటయింటి వారమగు మనకు వేఱుగ జెప్పనక్కఱలేదు. భూగర్భమున గరగియున్న శిల నీటిని దాకినంతనే నీరు తృటిలో నావిరియై కొండను బ్రద్దలుగొట్టును. ఆవిరియు బూడిదయు గలిసిన మేఘము నీటిమీదుగా తుపానుగాలివలె బరుగిడి యావలి యొడ్డును ముంచివేయును. 1965 సెప్టెంబరులో నీ రీతిగానే యనేకులు మడిసిరి. అణుబాంబు పరీక్షలందు గానవచ్చు వలయమేఘమును ఇది పోలియున్నదని శాస్త్రజ్ఞులు గుర్తించినది ఆ యేడే.

అన్నిటికంటె దీర్ఘమైనది 1754 నాటిది. మే నెలలో మొదలై డిసెంబరు వఱకు సాగెను. ఒడ్డునున్న యూళ్లు పాడుపడగా, తాల్ పట్టణమును సముద్రతీరమునకు దరలించి క్రొత్తగా గట్టుకొనిరి. అంతకుమున్ను సరస్సునకు సముద్రముతో విశాలమైన దారి యుండెను. వెలువడిన బూడిదయు రాళ్లును దానిని పూడ్చి, పాన్‌సిపిట్ అను నిఱుకైన యేటిని మాత్రము మిగిల్చినవి. కాలక్రమమున వాననీటిచే నుప్పునీరు మంచినీరైనది. అందు నిలిచిపోయిన సముద్రపు చేప తావిలిస్. మన తీరమున కవళ్లని పిలుచు చేపలకు జ్ఞాతి. ఈ సరస్సున దక్క మఱెక్కడను లేదు. కొండ చంపలేని యీ చేప, మితిమీరిన వేటచేతను, సరస్సు కలుషితమగుటచేతను క్షీణించి 2019లో అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికకెక్కినది.

1911లో జనవరి 27 రాత్రి మొదలు మనీలా వేధశాల యంత్రములు భూకంపములను వరుసగా నమోదుచేసినవి. 30వ తేది తెల్లవాఱకమునుపే కొండ పేలెను. 1,335 మంది మరణించిరి.

1977 తరువాత నలువదిమూడేండ్లు మిన్నకుండిన కొండ 2020 జనవరి 12న, ఆదివారమునాడు, మరల లేచెను. బూడిద మనీలా వఱకు బడెను, విమానములు నిలిచిపోయెను. మన తెలుగుబిడ్డలనేకులు వైద్యవిద్యకై ఆ దేశమున నుండుటచే, ఆ వార్త విన్న తల్లుల గుండె లెట్లు కొట్టుకొన్నవో యూహింపవచ్చును. లక్షకు మించిన జనులను తరలించుటచే 1911 నాటి విలయము మరల గలుగలేదు.

ఆ దీవివారు యాత్రికులను గుఱ్ఱములపై గొండయెక్కించి బ్రదుకువారు. చిన్న పడవలలో బిడ్డలతో దాటునపుడు గుఱ్ఱములను విడువక తప్పలేదు. మఱునాటినుండియు, వలదన్నను వినక, బూడిదలో పడవలు నడిపి కొందఱు వానికై తిరిగివెళ్లిరి. ఎన్నియో చచ్చిపడియుండెను, బ్రదికినవానిని పడవల కెక్కించి తెచ్చిరి. దీనిని మూర్ఖతయని యనుటకు నాకు నోరాడదు. కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మజుని కథను మనము చదివి కన్నీరు పెట్టుకొందుము గదా! పైగా ఆ గుఱ్ఱమే యా యింటి కూడు.

దీవిలో నివాసము నిషిద్ధము. అది న్యాయమే. కాని కొండలేని చోట గుఱ్ఱపువానికి, నీరులేని చోట జాలరికి పని చూపుట ఇల్లు చూపుటకంటె కష్టము. అందుచేతనే తీరమువిడిచి దూరమేగుటకు వారికి మనసొప్పదు. 2022 మార్చి 26న కొండ మరల పేలినప్పుడు ఒడ్డు గ్రామములవారు మరల మూటలు గట్టుకొనిరి.