షెడ్డు కబుర్లు: బుల్లెట్టుకు ముందు బ్రేకు

చలికాలంలో కారు బ్యాటరీ సంగతి ఈ నెల వ్రాస్తానని కిందటి సంచికలో మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. కారణం ఏమిటంటే, దీపావళి సభ దగ్గర మా వాడి మోటారు సైకిలు చూసిన ముగ్గురు కుర్రాళ్ళు, తమ పాత బళ్ళకూ అలాగే ముందు డిస్కు బ్రేకు బిగించిపెట్టమని నా వెంట పడ్డారు. వాళ్ళు చూసింది తళతళలాడే డిస్కును మాత్రమే. దాని వెనుక నేను చేసిన తెలివితక్కువ పని వాళ్ళకు తెలియదు. వాళ్ళకన్నా ముందు వాళ్ళ అమ్మానాన్నలకు తెలియడం మంచిది.

బండి 1986 నాటి 350 సీసీ బుల్లెట్టు. రెడ్డిచ్ కంపెనీ వారితో కలిసి 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. ఇక్కడి కంపెనీ మూతపడ్డాక, 1977 నుంచి మద్రాసు బళ్ళే తిరిగి ఇంగ్లండుకు రావడం మొదలుపెట్టాయి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచన్నమాట. బెజవాడలో మా బాబాయి బుల్లెట్టు వెనక కూర్చుని పెరిగినవాణ్ణి గనుక, మా వాడు కొంటానంటే నేను కాదనలేకపోయాను. కొన్న ఏడాదిలో దాన్ని కేఫ్ రేసరు చేశాడు. హాండిలు కిందికి దించాడు, సీటు కురచ చేశాడు, ఇంజనుకు కాస్త చురుకు తెచ్చాడు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కేఫ్ ఉంది కదా, 1969లో మూసేసి 2001లో మళ్ళీ తెరిచారు. ఈ బళ్ళవాళ్ళకు అది తిరుపతి. అక్కడికి ఈ బండి మీద వెళ్ళాలని వాడి ముచ్చట.

ఇంజను చురుకు చేసినవాళ్ళు బ్రేకు గురించి ఆఖరున ఆలోచిస్తారు. ఇక్కడి హైవే కోడ్ పుస్తకం తిరగేయండి. 30 మైళ్ళ వేగంలో బ్రేకు పట్టాక కారు 14 మీటర్లు పోతుంది, 60 మైళ్ళలో 55 మీటర్లు. వేగం రెండింతలైతే దూరం దాదాపు నాలుగింతలు. పైగా బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే.

ఈ బండికి ముందు ఉన్నది 7 అంగుళాల డ్రమ్ము, లోపల రెండు లీడింగ్ షూలు. నిజం చెప్పాలంటే అది చెడ్డ బ్రేకు కాదు. తిరిగే డ్రమ్మే షూలను తనవైపు లాక్కుంటుంది, అంటే మన చేతికి సగం సాయం చక్రమే చేస్తుంది. అయితే వరసగా నాలుగుసార్లు గట్టిగా పడితే వేడెక్కి పట్టు సడలుతుంది. అందుకని డిస్కు వేద్దామనుకున్నాం. డ్రమ్ముకోసం చేసిన ఫోర్కుకు రేకు ముక్క వెల్డు చేసి కాలిపరు తగిలించే పని నేను ఒప్పుకోలేదు. ఆ దెబ్బంతా ఒక్క కాలు మీద పడుతుంది. డిస్కు వచ్చిన తర్వాతి కాలపు బుల్లెట్టు ఒకటి ప్రమాదంలో పడి, పాత బళ్ళు విడదీసి అమ్మేచోట దొరికితే, ఫోర్కు, చక్రం, డిస్కు, కాలిపరు మొత్తం ఒకే సెట్టుగా తెచ్చాం. ఫోర్కు వంకర లేదని అద్దం పలక మీద దొర్లించి చూశాను. అంతవరకూ బుద్ధిగానే ఉన్నాను.

హాండిలు దగ్గర ఉండే మాస్టర్ సిలిండరు మాత్రం ఆ ప్రమాదంలో పగిలిపోయింది. ఇంకో బండిది తెచ్చుకున్నాను. రెండు డిస్కుల పెద్ద జపాను బండిది, 16 మిల్లీమీటర్ల బోరు. పెద్దదైతే బలం ఎక్కువని నా లెక్క. ముప్ఫై ఏళ్ళు ఇంజనీరు ఉద్యోగం చేసినవాడి లెక్క!

బిగించాక లీవరు రాయిలా ఉంది. "ఎంత గట్టిగా ఉందో చూశావా?" అని మురిశాను కూడా. మర్నాడు మా వాడు బయల్దేరాడు. మా వీధి చివర రోడ్డు కలిసేచోట లీవరు పట్టాడు, బండి ఆగలేదు. కంగారులో కుడికాలితో వెనక బ్రేకు తొక్కాడు. పాత బుల్లెట్టుకు కుడివైపు ఉండేది గేరు, బ్రేకు ఎడమవైపు. గీత దాటి రోడ్డు మధ్యకు వెళ్ళి ఆగాడు. వస్తున్న వ్యానువాడు తొక్కిపట్టి ఆపాడు గనుక సరిపోయింది. ఇంటికి బండి నడిపించుకుంటూ వచ్చి, "నాన్నా, నాలుగు వేళ్ళతో పిండినా పట్టలేదు" అన్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం వడ్డించింది గానీ నాతో మాట్లాడలేదు.

అప్పుడు కూర్చుని కాగితం మీద వేశాను. ద్రవం మీద ఒత్తిడి అంటే చేతి బలాన్ని సిలిండరు వైశాల్యంతో భాగించడం. ఇలాంటి ఒక్క డిస్కు బండికి 13 మిల్లీమీటర్ల దగ్గర బోరు సరిపోతుంది, వైశాల్యం 133 చదరపు మిల్లీమీటర్లు. 16కు 201. అంటే అంతే ఒత్తిడి రావాలంటే చేతితో ఒకటిన్నర రెట్లు పిండాలి. పైగా డ్రమ్ము చేసే సాయం డిస్కు చేయదు, లోటంతా ఈ లెక్కే పూడ్చాలి. లీవరు గట్టిగా ఉండటం బలం కాదు, మన చేతికి పట్టు దక్కకపోవడం. మరీ చిన్నది వేస్తే లీవరు హాండిలుదాకా వచ్చేస్తుంది, అదీ ప్రమాదమే. బోరు కొలత చాలా సిలిండర్ల మీద అచ్చుపోసి ఉంటుంది, చూసి కొనండి.

13ది కొత్తది తెచ్చాం, ఉక్కు అల్లిక హోసుతో సహా. గాలి తీయడానికి మన సభ్యుడైన డాక్టరుగారు ఇచ్చిన పెద్ద సిరంజి బాగా పనికొచ్చింది. ద్రవం డాట్ 4 పోశాం. డాట్ 5 సిలికాను రకం, దీనిలో కలపకూడదు. డాట్ 4 రంగును తినేస్తుంది, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి (మాది ఒక మూల పోయింది). గాలిలో తేమ పీలుస్తుంది గనుక రెండేళ్ళకోసారి మార్చాలి. ఆ తర్వాత ఆదివారం పొద్దున ఖాళీ కారు పార్కులో 10 మైళ్ళతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ ప్యాడ్లను అలవాటు చేశాం. ఇప్పుడు రెండు వేళ్ళు చాలు. అందుకే ఇంకో భయం. తడిరోడ్డు మీద ఒక్కసారిగా పిండితే ముందు చక్రం బిగుసుకుపోతుంది. ఇండియాలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 1986 బండికి ఆ రక్షణ లేదు. మార్పు సంగతి ఇన్సూరెన్సు వారికి వ్రాసి తెలియజేయడం కూడా మరవకండి.

మా వాడు పోయిన నెల ఏస్ కేఫ్‌కు వెళ్ళొచ్చాడు. చేరానని ఫోను వచ్చేదాకా మా ఆవిడ పొయ్యి వెలిగించలేదు. 16 మిల్లీమీటర్ల సిలిండరు ఇంకా షెడ్డులో ఉంది. రెండు డిస్కుల బండి ఉన్నవారెవరైనా వచ్చి ఊరికే పట్టుకెళ్ళండి. బ్యాటరీ సంగతి వచ్చే నెల.