బెణుకే కదా అని మళ్లీ చక్రాలు కట్టొద్దు

స్కేటింగ్‌లో పడ్డ బిడ్డను, నొప్పి ఉండగానే మళ్లీ చక్రాల మీద నిలబెట్టకండి. ముంబయిలో కామాఠీపుర గల్లీల్లో, వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో ఉన్న ప్రతి తెలుగింటికీ ఇది మా హెచ్చరిక. వేసవి సెలవుల్లో స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు పెరుగుతారు, పడేవాళ్లూ పెరుగుతారు. ఈ ఆట ఆడేవాళ్లు పడక తప్పదు. పడ్డాక పెద్దలు చూపే తొందరే పిల్లల కాళ్లూ చేతులూ పాడు చేస్తుంది.

ఈ ఆటలో మనవాళ్లకు చోటుంది. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు గెలిచారు. ఒకటి సింగిల్స్‌లో, మరొకటి అవని పంచాల్‌తో కలిసి జంటగా. 2015లో అర్జున అవార్డు అందుకున్నారు. మంచు రింకుల మీద ఫిగర్ స్కేటర్లు చేసే గిరికీలు, గెంతులే ఇక్కడ చక్రాల మీద. మన పిల్లలూ ఆ కల కనాలి. అందుకోసమే ఈ మాట చెబుతున్నాం.

గాల్లో తిరిగి ఒంటికాలి మీద దిగినప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం చీలమండ మీదా మోకాలి మీదా పడుతుంది. ఎదిగే పిల్లల ఎముకల చివర ఇంకా గట్టిపడని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెద్దవాళ్లకు లిగమెంటు సాగే దెబ్బకు పిల్లలకు ఆ పొరే చిట్లవచ్చు. బెణుకనుకుని వదిలేస్తే ఎముక వంకరగా పెరగవచ్చు, కాలు పొట్టిపడవచ్చు. సీనియర్ ఫిగర్ స్కేటింగ్‌లో కనీస వయసును 15 నుంచి 17కు పెంచాలని అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ 2022లో తీర్మానించింది. లేత ఒంటి మీద, లేత మనసు మీద మోయలేని బరువు పెట్టకూడదన్నదే అందులోని ఉద్దేశం.

మన చాళ్లలో నొప్పిని ఓర్చుకోవడం గొప్ప గుణం. దానికో చరిత్ర ఉంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన కామాఠీలు రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టారు. పద్మశాలీలు మిల్లుల్లో మగ్గాలు నడిపారు. ఒకరి బదులు పనిచేసే బద్లీ కార్మికుడు ఒక్కరోజు నాగా పెడితే ఆ రోజు కూలి పోయినట్టే. నడుం పట్టేసినా, వేలు నలిగినా పనికి పోవడం వాళ్లకు తప్పనిసరి. ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కుదాం. కానీ ఆ కష్టాన్ని పన్నెండేళ్ల పిల్లకు పాఠంగా నేర్పొద్దు. ‘ఏం కాదు బిడ్డా, ఆడితే అదే పోతుంది’ అన్న మాట ఇక మన ఇళ్లలో వినిపించకూడదు.

గాయం నుంచి తిరిగొచ్చిన ఆటగాళ్ల కథలు మనం ముచ్చటగా చెప్పుకుంటాం. వాటిని సరిగ్గా చదవాలి. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు 2022 ఆగస్టులో చీలమండ నొప్పితోనే కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. స్కాన్‌లో ఎముక చిట్లిందని తేలగానే అదే నెలలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుని, 2023 జనవరి దాకా కోర్టులోకి దిగలేదు. మోకాలి లిగమెంటు తెగిన బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్, శస్త్రచికిత్సలు చేయించుకుని, ఏళ్ల తరబడి శ్రమించాకే 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ ఎత్తారు. జపాన్ స్కేటర్ యుజురు హన్యూ 2017 నవంబరులో కుడి చీలమండ దెబ్బతిని, నొప్పి మందులతో తిరిగొచ్చి 2018 ఫిబ్రవరిలో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఆ చీలమండే 2018 చివర్లో మళ్లీ, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మళ్లీ దెబ్బతింది. వెంట డాక్టర్లున్న ప్రపంచ విజేత పరిస్థితే అది.

అమ్మానాన్నలారా, ఇవి గుర్తుంచుకోండి. తల నేలకు కొట్టుకుని వాంతి, మగత, తలతిరుగుడు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ రోజు ఇక ఆట లేదు. చెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా డాక్టర్ చెప్పినప్పుడు మళ్లీ చూపించండి. అక్కడి చిన్న ఎముకలో పగులు మొదట్లో దొరక్కపోవచ్చు. వాచిన చోట మాలిష్ చేయించొద్దు. పసరు రాసి, బద్దలు పెట్టి బిగించే కట్టు మరీ ప్రమాదం. వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే విప్పించాలి. రక్తం ఆగితే చెయ్యే పోవచ్చు. కామాఠీపురకు నాయర్, జేజే ఆసుపత్రులు దగ్గర. వర్లీ, పరేల్ వాళ్లకు కేఈఎం ఉంది. ఇవన్నీ ప్రజల ఆసుపత్రులే. ఖర్చుకు భయపడి ఆగొద్దు.

తిరిగి ఆడటానికీ వరుస ఉంది. కుంటకుండా నడవాలి, తరువాత పరుగెత్తాలి, గాయమైన ఒంటికాలి మీద నొప్పి లేకుండా గెంతగలగాలి. అప్పుడే చక్రాలు. ముందు తిన్నగా సాగడం, తరువాత గిరికీలు, అన్నిటికన్నా చివర గాల్లోకి లేచే గెంతులు. మెట్టు ఎక్కాక నొప్పి వస్తే ఒక మెట్టు దిగాలి.

శిక్షకులకూ మా మాట: హెల్మెట్, మణికట్టు, మోచేతి, మోకాలి రక్షణలు లేని పిల్లను రింకులోకి రానివ్వకండి. డాక్టర్ సరేననకుండా పోటీకి పేరు రాయకండి. నొప్పి ఉందని చెప్పిన పిల్లను పిరికిదని తిట్టకండి. అలా తిడితే రెండోసారి చెప్పదు.

మన తెలుగు సంఘాలకు ఇంకో బాధ్యత ఉంది. కామాఠీపుర పునర్నిర్మాణం గురించి మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాతో మాట్లాడేటప్పుడు ఎన్ని చదరపు అడుగుల ఇల్లు అన్నదొక్కటే అడిగి ఊరుకోవద్దు. పిల్లలకు చదునైన ఆటస్థలం, పక్కనే ఫిజియోథెరపీ గది అడగండి. రోడ్డు మీద, పగిలిన సిమెంటు మీద నేర్చుకున్నంత కాలం ఈ గాయాలు తగ్గవు.

పోటీ మళ్లీ వచ్చే ఏడాదీ ఉంటుంది. ఈ రాత్రి మీ పిల్లల చీలమండలు, మణికట్లు ఒకసారి పట్టి చూడండి. వాపు ఉంటే రేపు స్కేటింగ్ తరగతి మాన్పించి డాక్టర్‌కు చూపించండి.